యువ పరిశోధకులకు ఓడలో చోటివ్వండి, చేతికి పనివ్వండి

సముద్ర పరిశోధన సంస్థల డైరెక్టర్లకు, పరిశోధక నౌకల్లో ఎవరెవరు వెళ్లాలో నిర్ణయించే కమిటీలకు, ఈ రంగంలో శిక్షణకు నిధులిచ్చే సంస్థల పెద్దలకు,

నమస్కారం.

సముద్ర శాస్త్రంలోకి అడుగుపెడుతున్న యువతకు ఇవాళ శిక్షణ కార్యక్రమాలకు కొదవ లేదు. ఐదు రోజుల వర్క్‌షాపులు, రెండు వారాల వేసవి కోర్సులు, ఆన్‌లైన్ పాఠాలు, మెంటార్‌షిప్ పథకాలు. ఏ నెల చూసినా ఏదో ఒక ప్రకటన కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు సముద్ర శాస్త్ర దశాబ్దంగా ప్రకటించాక వీటికి ఇంకా ఊపు వచ్చింది. కెరీర్ తొలి ఏళ్లలో ఉన్నవారి కోసం ఆ దశాబ్దంలో విడిగా ఒక కార్యక్రమమే నడుస్తోంది. ఇవన్నీ మంచివే. మా విద్యార్థులు వీటిలో చాలావాటికి వెళ్లారు, ఉత్సాహంగా తిరిగొచ్చారు, స్నేహితుల్ని సంపాదించుకున్నారు.

అయినా ఈ లేఖ రాయాల్సి వస్తోంది. ఎందుకంటే ఈ పిల్లలకు సముద్రం గురించి ఎంతో చెబుతున్నాం గానీ, సముద్రం మీద పని మాత్రం అప్పగించడం లేదు. సర్టిఫికెట్లు పోగవుతున్నాయి. "ఫలానా కొలత నాది, అది తప్పితే జవాబు చెప్పాల్సింది నేను" అనగలిగినవాళ్లు మాత్రం చాలా తక్కువమంది తయారవుతున్నారు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది మన పద్ధతి. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే: శిక్షణ అంటే బాధ్యత అప్పగించడం అని ఒప్పుకోండి, మీ డబ్బును, ఓడల్ని, ఉద్యోగాల్ని ఆ ప్రకారం సర్దండి.

ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే ఒక చిన్న పనిని దగ్గర నుంచి చూడాలి. సముద్రపు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలవడం.

హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతినే కొద్దిపాటి మార్పులతో ఇప్పటికీ ప్రామాణికంగా వాడుతున్నాం. నిస్కిన్ సీసాల చట్రం లోతుల్లోని నీటిని పట్టుకుని డెక్ మీదికి రాగానే, అన్నిటికంటే ముందు వాయువుల కోసం నమూనాలు తీస్తారు. ఆక్సిజన్ వంతు ఆ మొదట్లోనే వస్తుంది. ఆలస్యం చేస్తే సీసాలో నీటి మట్టం దిగేకొద్దీ పైన గాలి చేరి లెక్క మారిపోతుంది. సన్నటి గొట్టాన్ని గాజు ఫ్లాస్కు అడుగుదాకా దించాలి. గొట్టంలో ఒక్క బుడగ కూడా ఉండకూడదు. ఉంటే గొట్టాన్ని పైకెత్తి, వేళ్లతో నొక్కి దాన్ని తరిమేయాలి. ఫ్లాస్కు నిండింది కదా అని ఆపకూడదు, దాని పరిమాణానికి రెండు మూడింతల నీటిని పొంగి పోనివ్వాలి. తర్వాత మాంగనీస్ ద్రావణం, వెంటనే క్షార అయొడైడ్ ద్రావణం. రెండూ పోసేటప్పుడు గొట్టం మొన నీటి లోపలే ఉండాలి. బుడగ చిక్కకుండా మూత పెట్టాలి. ఆ మూత ఆ ఫ్లాస్కుదే అయ్యుండాలి, ఎందుకంటే ఏ ఫ్లాస్కుకు ఆ ఫ్లాస్కు ఘనపరిమాణాన్ని దాని మూతతో కలిపి ముందే తేల్చి రాసి పెట్టుకుంటారు. మూతలు తారుమారైతే అంకె తప్పు. గట్టిగా ఊపితే గోధుమరంగు మడ్డి లేచి ఫ్లాస్కంతా కమ్ముకుంటుంది. అది కాస్త దిగాక మళ్లీ ఊపాలి. ఆ తర్వాత ల్యాబ్‌లో ఆమ్లం కలిపితే మడ్డి కరిగి అయొడిన్ బయటపడుతుంది. అప్పుడు టైట్రేషన్, అంటే మరో ద్రావణాన్ని చుక్క చుక్కగా కలుపుతూ అయొడిన్ ఎంత ఉందో తేల్చడం. దాన్నిబట్టే ఆక్సిజన్ లెక్క తెలుస్తుంది. చేత్తో చేసేవాళ్లు స్టార్చ్ కలిపినప్పుడు వచ్చే నీలం రంగు ఏ చుక్కతో పోయిందో సరిగ్గా అక్కడ ఆగాలి.

ఇదంతా ఓడ ఊగుతుండగా చేయాలి. అర్ధరాత్రి దాటాక, చేతులు కొంకర్లు పోతుండగా, వెనక మరో నలుగురు తమ నమూనాల కోసం నిలబడి తొందరపెడుతుండగా చేయాలి. ఏ సీసా నుంచి ఏ ఫ్లాస్కులోకి పట్టారో తడి కాగితం మీద పెన్సిల్‌తో తప్పు లేకుండా రాయాలి. వీడియో చూస్తే వరస తెలుస్తుంది. బుడగను కనిపెట్టే కన్ను, తొందరలో కూడా తొందరపడని చెయ్యి మాత్రం పక్కన ఒక అనుభవజ్ఞుడు నిలబడి చూస్తుండగా పదే పదే చేస్తేనే వస్తాయి.

దీనికింత ప్రాముఖ్యం ఎందుకంటే, 1960 నుంచి ప్రపంచ సముద్రాల్లోని ఆక్సిజన్ మొత్తం మీద సుమారు 2 శాతం తగ్గిందని 2017లో ప్రచురితమైన ఒక విశ్లేషణ తేల్చింది. కేవలం 2 శాతం. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న లోతుల నీటిలో అయితే ఫ్లాస్కులో చిన్న బుడగ చిక్కినా అంతకంటే పెద్ద తప్పు దొర్లుతుంది. అంటే ఆ మార్పు మనకు కనిపించడానికి కారణం, దశాబ్దాల తరబడి ఎన్నో ఓడల మీద ఎందరో టెక్నీషియన్లు, విద్యార్థులు ఆ బుడగను తరిమేయడమే. ఏ పేపర్లోనూ వాళ్ల పేర్లు ఉండవు. సముద్రం ఊపిరి తగ్గుతోందన్న కబురు మాత్రం వాళ్ల చేతుల మీదుగానే మనకు అందింది.

ఇప్పుడు సెన్సర్లు వచ్చాయి కదా, చేత్తో చేసే పని ఇంకెందుకు అని ఒక సమావేశంలో నిధుల కమిటీ సభ్యుడొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆర్గో కార్యక్రమంలో దాదాపు 4,000 పరికరాలు ప్రపంచ సముద్రాల్లో తేలుతూ, చాలావరకు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి ఉపగ్రహాలకు పంపుతున్నాయి. కొన్ని ఆక్సిజన్‌ను కూడా కొలుస్తాయి. ఓడలు వెళ్లలేని తుపాను కాలంలో కూడా అవి పని చేస్తాయి, ఈ శాస్త్రాన్ని అవి మార్చేశాయి. కానీ సెన్సర్ రీడింగ్ కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతుంది. దాన్ని సరిచూసుకోవడానికి ఓడ మీద జాగ్రత్తగా తీసిన నీటి కొలతలు కావాలి. సెన్సర్లు పెరిగేకొద్దీ ఆ కొలతల మీద ఆధారపడే డేటా పెరుగుతుంది. కాబట్టి నేర్పరి చేతుల అవసరం తగ్గలేదు, ఒక్కో కొలత మీద పడే బరువు పెరిగింది. డేటాను కంప్యూటర్‌లో మాత్రమే చూసిన విద్యార్థి స్క్రీన్ మీద ఒక వింత గీత కనిపిస్తే అది సముద్రంలో జరిగిన మార్పా, పరికరం చేసిన తప్పా అని తేల్చుకోలేడు. నీళ్లు పట్టిన విద్యార్థికి కనీసం అనుమానించడం వస్తుంది. నా దృష్టిలో శాస్త్రవేత్తకు కావాల్సిన మొదటి గుణం ఆ అనుమానమే.

ఈ శాస్త్రం పుట్టినప్పుడు యువతను ఇలా దూరంగా కూర్చోబెట్టలేదు. ప్రపంచ సముద్రాల్ని పరిశోధించడానికి 1872 డిసెంబరులో బయలుదేరిన బ్రిటిష్ నౌక చాలెంజర్ శాస్త్ర బృందాన్ని చూడండి. రసాయన శాస్త్రం అంతా బుకానన్ చూసుకున్నారు, ఆయనకు 28 ఏళ్లు. ప్రకృతి శాస్త్రవేత్త మోజ్లీ వయసూ అంతే. జర్మనీ నుంచి వచ్చి చేరిన విల్లమోస్-సూమ్‌కు 25. జాన్ మర్రీకి 31, చేతిలో డిగ్రీ కూడా లేదు. 1876లో ఓడ తిరిగి వచ్చాక 50 సంపుటాల నివేదికను చివరిదాకా నడిపించి 1895లో పూర్తి చేయించింది ఆ మర్రీయే. విల్లమోస్-సూమ్ యాత్రలోనే జబ్బుచేసి 1875లో కన్నుమూశారు. వాళ్లను పరిశీలకులుగా తీసుకెళ్లలేదు. ఫలానా పని నీది అని చెప్పి తీసుకెళ్లారు.

ఇక కాలం సంగతి. ఈ విషయం మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మన ప్రాజెక్టులు మూడేళ్లవి. పీహెచ్‌డీ నాలుగైదేళ్లు. ఎల్ నినో వచ్చేది రెండు నుంచి ఏడేళ్లకోసారి. ఒక విద్యార్థి తన చదువు కాలమంతా ఒకే తీరాన్ని కొలిచినా, ఆ తీరం మామూలుగా ఎలా ఉంటుందో, ఎల్ నినో ఏడాదిలో ఎలా మారుతుందో రెండిటినీ పోల్చి చూడకుండానే డాక్టరేటు తీసుకుని వెళ్లిపోవచ్చు. అందుకే దీర్ఘకాలం నడిచే కొలతలతో ముడిపెట్టకుండా ఇచ్చే శిక్షణ సగం శిక్షణే. హవాయి దగ్గర, బెర్ముడా దగ్గర 1988లో మొదలైన కొలతలు ఇప్పటికీ దాదాపు నెల నెలా సాగుతున్నాయి. కాలిఫోర్నియా తీరంలో సార్డీన్ చేపలు కుప్పకూలాక కారణం వెతుక్కుంటూ 1949లో మొదలుపెట్టిన సర్వేలు ఇంకా నడుస్తున్నాయి. అక్కడ చేరిన విద్యార్థికి తాను పుట్టకముందు తీసిన నమూనాల పక్కన తన నమూనా పెట్టే అవకాశం దొరుకుతుంది. తాను వెళ్లిపోయాక దాన్ని మరొకరు వాడతారని తెలిసి పనిచేయడం అలవాటవుతుంది.

1931లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త ఆలిస్టర్ హార్డీ మొదలుపెట్టిన ప్లవకాల (నీటిలో తేలియాడే చిన్న జీవుల) సర్వే దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. సరుకు ఓడల వెనక ఒక లోహపు పెట్టెను కట్టి లాగిస్తారు. లోపల పట్టుగుడ్డ మెల్లగా చుట్టుకుంటూ పోతుంది, నీటిలోని ప్లవకాలు దానికి అంటుకుంటాయి. ఒడ్డుకు చేరాక ఆ పట్టును విప్పి, ముక్కలుగా కోసి, మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. యంత్రం సులువు. కష్టమంతా లెక్కపెట్టడంలోనే ఉంది. ఇవాళ్టి లెక్కను యాభై ఏళ్ల కిందటి లెక్కతో పోల్చాలంటే లెక్కించే పద్ధతి మారకూడదు. కొత్తవాళ్లు పాతవాళ్ల పక్కన కూర్చుని, ఈ జీవి ఇదే, ఆ జీవి అది కాదు అని నెలల తరబడి సరిచూసుకుంటే తప్ప అది సాధ్యం కాదు. 1980ల చివర్లో నిధులు ఆగి ఈ సర్వే మూతపడే పరిస్థితి వచ్చింది. 1990లో ఒక ఫౌండేషన్ ఏర్పడి దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం అదే సర్వే దాచిపెట్టిన 1960ల నాటి నమూనాల్ని తీసి చూస్తే సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలు బయటపడ్డాయి, దశాబ్దాలు గడిచేకొద్దీ అవి పెరిగిన తీరు కూడా కనిపించింది. ఆ పట్టును దాచినవాళ్లు ప్లాస్టిక్ కోసం దాచలేదు. పద్ధతిగా దాచడం వాళ్లకు నేర్పారు, నేర్చుకున్నారు, అంతే. ఆ నేర్పు ఒక్క తరం దగ్గర తెగిపోతే తర్వాత ఎంత డబ్బు పోసినా మధ్యలో ఖాళీ అయిన ఏళ్లు తిరిగి రావు.

జీవుల్ని గుర్తుపట్టే వర్గీకరణ శాస్త్రంలో ఆ గండి ఇప్పటికే కనిపిస్తోంది. సముద్రంలో ఇప్పటిదాకా పేరు పెట్టి నమోదు చేసిన జాతులు రెండు లక్షల పైచిలుకు, ఇంకా పేరు పెట్టాల్సినవి అంతకంటే ఎక్కువే ఉంటాయని నిపుణుల అంచనా. డీఎన్ఏతో గుర్తించే పద్ధతులు వేగంగా ఎదుగుతున్నాయి గానీ, ఆ డీఎన్ఏ ఏ జీవిదో మొదట ఎవరో ఒకరు కంటితో చూసి చెప్పి ఉండాలి. పురుగుల మీద, స్పంజికల మీద జీవితకాలం పనిచేసినవాళ్లు రిటైరవుతుంటే వాళ్ల కుర్చీల్లోకి కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. వాళ్లు వెళ్లకముందే ఒక్కొక్కరి పక్కన ఒక యువ పరిశోధకుణ్ణి కూర్చోబెట్టండి.

ఓడలో చోటు విషయానికి వస్తాను. "సముద్రంలో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం" అని ప్రకటనలో రాస్తారు. అనుభవం లేనిదే ఓడ ఎక్కనివ్వరు, ఓడ ఎక్కనిదే అనుభవం రాదు. ఈ చిక్కుముడిని ఎవరో తెలిసినవాళ్లున్న విద్యార్థులు మాత్రమే విప్పుకోగలుగుతున్నారు. పెద్ద ల్యాబ్‌లో చేరిన విద్యార్థికి గైడ్ ఒక్క ఫోన్ చేస్తే చోటు దొరుకుతుంది. సొంత ఓడ లేని దేశం నుంచి, చిన్న కాలేజీ నుంచి వచ్చినవాళ్లకు ఫోన్ చేసే దిక్కుండదు. వీసా చేతికొచ్చేసరికి ఓడ రేవు దాటిపోతుంది.

చోటివ్వకపోతే శాస్త్రం ఏం పోగొట్టుకుంటుందో సముద్రపు అడుగు పటాలు గీసిన అమెరికా భూగర్భ శాస్త్రవేత్త మేరీ థార్ప్ జీవితం చూస్తే తెలుస్తుంది. అట్లాంటిక్ అడుగున ఉన్న పర్వతశ్రేణి నడుమ లోయ ఉందని, భూమి పైపొర అక్కడ విడిపోతోందనడానికి అది ఆనవాలని 1950ల తొలినాళ్లలో గుర్తించింది ఆమె. ఆ గుర్తింపును ఆమె సహచరుడే మొదట ఆడవాళ్ల కబుర్లని కొట్టిపారేశాడు. స్త్రీ అనే కారణంతో 1960ల దాకా ఆమెను పరిశోధక నౌక ఎక్కనివ్వలేదు. మగవాళ్లు తెచ్చిచ్చిన లోతు కొలతల్ని బల్ల ముందు కూర్చుని గీసుకుంటూనే ఆమె అంత పని చేసింది. ఓడ మీద ఉండి, ఎక్కడ కొలవాలో తానే నిర్ణయించే వీలుంటే ఇంకెంత చేసేదో మనకు ఎప్పటికీ తెలియదు. ఇవాళ ఆ నిషేధం కాగితం మీద లేదు. చిన్నపిల్లలున్న తల్లి, వినికిడి తక్కువైన విద్యార్థి, చేతికర్రతో నడిచే కుర్రాడు ఓడ దరఖాస్తు నింపడానికి ఇంకా జంకుతున్నారు. వాళ్లకు ఏ పని సరిపోతుందో, ఏ సర్దుబాటు కావాలో అడిగే ఫారం ఒక్కటీ నా కంటపడలేదు.

ఓడ మీద భద్రత గురించి కూడా నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. నెల రోజులు నీళ్ల మధ్య ఉన్నప్పుడు, నచ్చలేదని తలుపు తీసుకుని వెళ్లిపోవడం కుదరదు. ఒక అమ్మాయి నాతో అన్న మాట ఇది: "సార్, నేను ఎవరి మీద ఫిర్యాదు చేయాలో, ఫిర్యాదు చేయాల్సింది కూడా ఆయనకే." ఆ అమ్మాయి ఆ యాత్ర తర్వాత ఈ రంగమే వదిలేసింది. చాలా మంచి పరిశోధకురాలు. ప్రతి యాత్రలో ముఖ్య శాస్త్రవేత్తతో సంబంధం లేని ఒక వ్యక్తి ఉండాలి, ఒడ్డున ఉన్న స్వతంత్ర అధికారితో ఏ విద్యార్థి అయినా గోప్యంగా మాట్లాడే సౌకర్యం ఉండాలి. దీన్ని శిక్షణకు సంబంధం లేని పరిపాలన విషయంగా పక్కన పెట్టకండి. భయంతో ఉన్న మనిషికి ఏదీ నేర్పలేం.

సముద్ర సంరక్షణ చదివేవాళ్ల విషయంలో మరో లోటు ఉంది. వాళ్లకు చేపల గురించి నేర్పుతున్నాం, చేపలు పట్టేవాళ్ల మాట వినడం నేర్పడం లేదు. 1992 జూలైలో కెనడా ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ తీరాన కాడ్ చేపల వేటను నిలిపేసింది. సుమారు 30,000 మందికి పని పోయింది. అంతకు కొన్నేళ్ల ముందే, ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవల్లో వేటాడేవాళ్లు చేప తగ్గుతోందని, చిక్కేవి కూడా చిన్నవైపోతున్నాయని మొత్తుకున్నారు. అధికారిక అంచనాలు మాత్రం పెద్ద ట్రాలర్లకు పడిన చేపల లెక్క మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. మిగిలిన చేపలు కొద్ది చోట్ల గుంపుగా చేరాయి, ట్రాలర్లు వెతుక్కుంటూ సరిగ్గా అక్కడికే వెళ్లాయి, దాంతో లెక్క నిండుగానే కనిపించింది. నిషేధం ఎత్తేయడానికి 2024 దాకా పట్టింది, అప్పుడు కూడా తొందరపడ్డారా అనే వాదన ఆగలేదు. సంరక్షణలో శిక్షణ పొందే ప్రతి విద్యార్థీ ఒక వేట కాలమంతా చేపల రేవులో గడపాలి. వలల కన్ను సైజు, ఏ గాలికి ఏ చేప వస్తుంది, నిరుడు ఈ సమయానికి ఎక్కడ పడింది, ఇవన్నీ అడిగి రాసుకోవాలి. రాసుకున్నది తన లెక్కలతో కలవకపోతే ఎందుకు కలవలేదో వెతకాలి. దీనికి కోర్సులో మార్కులుండాలి. మార్కులు లేనిది మన విద్యార్థులు చేయరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇతరుల తీరాల్లో పనిచేసే పద్ధతి కూడా మారాలి. ధనిక దేశాల బృందాలు వస్తాయి, నమూనాలు పట్టుకెళ్తాయి, పేపర్లు వేసుకుంటాయి, ఆ తీరంలో పుట్టి పెరిగిన విద్యార్థి పడవ మాట్లాడిపెట్టినందుకు కృతజ్ఞతల్లో ఒక వాక్యంగా మిగులుతాడు. దీన్నే పారాషూట్ సైన్స్ అంటున్నారు. శ్రీలంక తిమింగల పరిశోధకురాలు ఆశా డి వోస్ దీని మీద ఏళ్లుగా గట్టిగా మాట్లాడుతున్నారు. ఏ తీరాన్ని కాపాడాలన్నా అక్కడే ఉండే మనుషులు తయారవ్వాలన్నది ఆమె వాదన, దానితోనే ఆమె తన దేశంలో యువతకు శిక్షణనిస్తున్నారు. ఆమె చెప్పేది అక్షరాలా నిజమని నా అనుభవం కూడా చెబుతోంది. బయటి బృందం మూడో ఏడాది వెళ్లిపోతుంది. నాలుగో ఏడాది నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడితే చూసేది ఎవరు?

దీనికి ఇప్పుడు చట్టపరమైన ఆధారం కూడా దొరికింది. ఏ దేశ పరిధిలోకీ రాని సముద్రంలోని జీవవైవిధ్యాన్ని కాపాడే ఒప్పందం 2023 జూన్‌లో ఆమోదం పొంది, 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. సముద్రంలో దాదాపు మూడింట రెండొంతులు దీని కిందికి వస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో సామర్థ్యాన్ని పెంచడం, సముద్ర సాంకేతికతను పంచుకోవడం అందులో ఒక ప్రత్యేక భాగం. రేపు అక్కడ రక్షిత ప్రాంతాలు ప్రతిపాదించాలన్నా, పర్యావరణ ప్రభావ నివేదికల్ని చదివి లోపాలు పట్టాలన్నా మనుషులు కావాలి. ఆ మనుషులు ఇవాళ మీ దగ్గరికి దరఖాస్తు పెట్టుకుంటున్న పాతికేళ్లవాళ్లే. "నా లెక్కలో ఇంత అనిశ్చితి ఉంది, అయినా ఇప్పుడే చర్య తీసుకోవడం ఎందుకు మంచిదంటే" అని ఒక మంత్రికి అర్థమయ్యేలా అరపేజీలో రాయడం వాళ్లకు ఎవరూ నేర్పడం లేదు. దాన్నీ శిక్షణలో కలపండి.

డబ్బు గురించి. దేశాలు తమ పరిశోధన బడ్జెట్లలో సగటున 1.7 శాతం మాత్రమే సముద్ర శాస్త్రానికి ఇస్తున్నాయని యునెస్కో సముద్ర శాస్త్ర కమిషన్ 2020 నివేదికలో రాసింది. ఆ కొంచెంలో శిక్షణకు దక్కేది ఎంతో మీకే బాగా తెలుసు. అందుకే జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు పుట్టుకొచ్చాయి. తాబేళ్ల గూళ్లు కాపలా కాయడానికి, పగడపు దిబ్బల్ని సర్వే చేయడానికి విద్యార్థే ఎదురు డబ్బు కట్టి వెళ్లే పథకాలున్నాయి. తల్లిదండ్రులు భరించగలిగినవాళ్లకే అనుభవం దక్కుతుంది. ఆ అనుభవం ఉన్నవాళ్లకే తర్వాత ఉద్యోగం దక్కుతుంది. వడపోత ప్రతిభతో కాకుండా జేబుతో జరుగుతోంది. పని చేయించుకుంటే కూలి ఇవ్వాలి. ఇందులో వాదించడానికి ఏముంది?

ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త పగడాల తెల్లబాటును ధ్రువీకరించారు. దిబ్బల మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు, తాము గుర్తులు పెట్టుకుని ప్రతి నెలా కొలిచే పగడాలు ఒక్కొక్కటే చచ్చిపోవడం నీళ్లలో మునిగి చూశారు. ఒకబ్బాయి డేటా షీట్‌లో "మృతం" అని వరసగా రాస్తూ వెళ్లి, పైకి వచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు. గైడ్ అడిగింది డేటా పూర్తయిందా అని మాత్రమే. ఈ బాధ గురించి మాట్లాడటం బలహీనత కాదని పెద్దవాళ్లం ముందు మనం చెప్పాలి. ఫీల్డు పని తర్వాత బృందం కూర్చుని మాట్లాడుకోవడం, కావాలంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే వీలు, వీటికయ్యే ఖర్చు ఒక్క సెన్సర్ ఖరీదు కూడా ఉండదు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. ప్రతి పరిశోధక యాత్రలో మొదటిసారి ఓడ ఎక్కేవాళ్లకు కొన్ని చోట్లు కచ్చితంగా కేటాయించండి, అందులో సొంత నౌకలు లేని దేశాలవాళ్లకు వాటా ఉంచండి. వాళ్లను ఊరికే చూసి పొమ్మనకండి. ఆక్సిజనో, పోషకాలో, ప్లవకాలో, ఒక కొలతను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వాళ్లకు అప్పగించండి, పక్కన ఒక అనుభవజ్ఞుణ్ణి ఉంచండి. డేటాను బయటపెట్టేటప్పుడు ఆ కొలత చేసినవారి పేరు దానితోపాటే నమోదు చేయండి. పేపర్లు లేని వయసులో ఆ పేరే వాళ్లకు గుర్తింపు. నిధులిచ్చేవారు, మీ శిక్షణ గ్రాంట్లలో కొన్నింటినైనా ఏడెనిమిదేళ్లకు పెంచి, దీర్ఘకాలిక కొలతలు నడుపుతున్న కేంద్రాలకు ముడిపెట్టండి. ఒక తరం టెక్నీషియన్ రిటైరయ్యేలోపు తర్వాతివాళ్లు కనీసం రెండేళ్లు పక్కన పనిచేసేలా ఉద్యోగాలు ముందే నింపండి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. పాతవారు వెళ్లిపోయాక ఏడాదికి ప్రకటన వస్తుంది, కొత్తవారు వచ్చేసరికి చెప్పేవాళ్లుండరు.

వచ్చే ఏడాది నౌకాయాత్రల పట్టికను మీరు త్వరలోనే ఖరారు చేస్తారు. ఈసారి ఆ పట్టికతోపాటు మరో పేజీ బయటపెట్టండి: ఏ యాత్రలో ఎంతమంది కొత్తవాళ్లు, ఏ దేశాల నుంచి, ఎవరికి ఏ కొలత అప్పగించారు. ఒడ్డున నేర్పగలిగిందంతా మేం నేర్పి పంపుతాం. ద్రావణాలు తయారు చేయడం, ఫ్లాస్కుల ఘనపరిమాణం తేల్చడం, లాగ్‌బుక్ రాయడం, భద్రతా శిక్షణ, అన్నీ పూర్తయిన విద్యార్థుల్నే మీ దగ్గరికి పంపే బాధ్యత మాది. మా విభాగం నుంచి దరఖాస్తులు సిద్ధంగా ఉన్నాయి. చివరి తేదీ ఎప్పుడో తెలియజేయండి.

ఇట్లు,
సముద్ర రసాయన శాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు